పన్నెండు పెన్ డ్రైవులు, ఒక చిటపట మేడం

"బోర్డు మీద 'గంటలో రిపేరు' అని రాశారు. ఇది మూడో రోజు. మీ గడియారంలో గంటంటే ఎంతండీ?"

మెట్ల కింద షాపులో, విప్పిన కంప్యూటర్లోకి తల దూర్చి కూర్చున్న మెకానిక్ ఆ గొంతుకి ఉలిక్కిపడి లేవబోయాడు. పైనున్న షెల్ఫు నుదుటికి ఠంగుమని తగిలింది.

"పార్ట్ రావాలండీ..."

"పార్ట్ వస్తే రిపేరు, రాకపోతే బోర్డు. అంతేగా?" అనేసి, వీధి చివరి లైబ్రరీలో కొత్తగా చేరిన ఆ లైబ్రేరియన్ చిటపటలాడుతూ వెళ్ళిపోయింది.

మెకానిక్ నుదురు రుద్దుకుంటూ ఆమె వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు. దెబ్బ నుదుటికే తగిలిందో, ఇంకెక్కడైనా తగిలిందో మనకెందుకు లెండి. ఆ పూట నుంచి అతని మనసులో ఆమె పేరు చిటపట మేడం.

నెల తిరక్కుండా ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతులో చిటపటల్లేవు.

"లైబ్రరీలో పన్నెండు కంప్యూటర్లూ పడకేశాయి. వైరస్. సోమవారం పదకొండింటికి ఆఫీసు నుంచి మా పెద్దమేడం తనిఖీకి వస్తారు. ఆ కంప్యూటర్ల గది నడుస్తుంటే నా ఉద్యోగం పర్మనెంట్. లేదంటే ఇంటికే. నిజం చెప్పండి, అవుతుందా?"

"అవుతుందండీ. అన్నింటికీ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించేద్దాం."

"పన్నెండింటికీ? ఎన్ని రోజులు?"

"ఒక్క పూట. పన్నెండు పెన్ డ్రైవులు బూటబుల్ చేసి తెస్తాను. అన్నింటికీ ఒకేసారి గుచ్చేద్దాం."

"బూటబుల్ అంటే?"

"కంప్యూటరు లేవగానే తన బుర్రలోకి చూడకుండా ముందు పెన్ డ్రైవు మాట వింటుందన్నమాట."

"వినేవాళ్ళు దొరికారు, సంతోషం," అంది ఆమె. మెకానిక్ ఆ మాటకే రోజంతా మురిసిపోయాడు.

ఆదివారం పొద్దున్నే షాపులో పని మొదలెట్టాడు. ఎక్కించేటప్పుడు ప్రతి కంప్యూటరూ ఏ భాష, టైమెంత, ఎవరి పేరు అని ప్రశ్నలడుగుతుంది. పన్నెండుసార్లు జవాబు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి పెన్ డ్రైవులో పెట్టేస్తే, అదే చూసుకుని నింపుకుంటుంది. మనవాడు మొదట ఊరికే ఒక ట్రయల్ ఫైలు రాశాడు. పేరు దగ్గర ఏం రాయాలా అని ఒక్క క్షణం ఆలోచించి, తనలో తనే నవ్వుకుంటూ 'చిటపట మేడం' అని కొట్టాడు. తర్వాత బుద్ధిగా 'రీడింగ్ రూమ్' అని అసలు ఫైలు రాశాడు. రెండూ పక్కపక్కనే పెట్టాడు. డ్రైవులన్నీ చెరిపి, సిస్టమ్ రాసి, ఆఖర్న ఫైలు కాపీ చేశాడు. ఏ ఫైలు చేశాడో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

సోమవారం తొమ్మిదింటికి పన్నెండు కంప్యూటర్లకీ పన్నెండు డ్రైవులు గుచ్చారు. స్క్రీన్ల మీద పని ఎంతయిందో చూపే గీతలన్నీ కలిసికట్టుగా ముందుకు జరుగుతుంటే లైబ్రేరియన్ చేతులు నలుపుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది.

తొమ్మిదీ నలభైకి గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. పెద్దమేడం! కళ్ళజోడు, భుజాన సంచి, చంకలో ఫైలు, చేతిలో పెన్ను.

"ముందే వచ్చేశాను. ఏవమ్మా, ఏదీ నీ గది?"

అప్పుడే మొదటి స్క్రీను వెలిగింది. 'స్వాగతం, చిటపట మేడం'. ఆ పక్కది వెలిగింది. 'స్వాగతం, చిటపట మేడం'. ఇక వరసగా పన్నెండూ.

మెకానిక్‌కి తన రెండు ఫైళ్ళూ గుర్తొచ్చాయి.

పెద్దమేడం కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివింది. పెన్ను సంచిలో పెట్టేసింది. "ఆఫీసులో అందరూ చాటుగా నన్నేమంటారో నాకు తెలుసమ్మా. పన్నెండు కంప్యూటర్లకి ఎక్కించి మరీ చూపిస్తావనుకోలేదు."

లైబ్రేరియన్ మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "నాకేమీ తెలీదండీ... నిజంగా..."

వైరస్ అనేస్తే తను బయటపడతాడు. కానీ కంప్యూటర్లు బాగవలేదని రాసేస్తారు, ఆమె ఉద్యోగం పోతుంది. మెకానిక్ ముందుకొచ్చాడు.

"అది మీరు కాదండీ. ఈవిడ."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అతని వైపు తిరిగారు.

"ఆ పేరు నేను పెట్టానండీ, ఈవిడకి. పొరపాటున ఎక్కిపోయింది."

"ఎగతాళా?" అంది పెద్దమేడం.

"అయ్యయ్యో, కాదండీ! ఇష్టం." ఇక దాచేదేముంది? "పొద్దున షాపు తెరిచిన దగ్గర్నుంచీ ఈవిడ వస్తారేమోనని చూస్తుంటానండీ. తిట్టినా ఫర్వాలేదు, వస్తే చాలు. మీరు రాసేదేదో నా మీద రాయండి, ఈవిడ ఉద్యోగం మాత్రం తీయకండి."

పెద్దమేడం ఒక కంప్యూటరు ముందు కూర్చుంది. తెరిచింది, మూసింది, ఏదో టైపు చేసింది, ఇంకో రెండు చూసింది. సంచిలోంచి పెన్ను తీసి సంతకం పెట్టింది.

"పర్మనెంట్‌కి రాశాను. ఆ పేరు మాత్రం సాయంత్రంలోగా తీసేయండి." గుమ్మం దాకా వెళ్ళి ఆగి, నవ్వాపుకుంటూ అంది. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అంత ఇష్టంగా తిట్టుకోలేదమ్మా!"

మెకానిక్ తలెత్తకుండా ఒక్కొక్క కంప్యూటర్లోనూ పేరు మార్చడం మొదలెట్టాడు. వెనకాల ఆమె నిలబడే ఉంది. ఎనిమిదో దాని దగ్గర గొంతు వినిపించింది.

"ఇందాక అన్నది కూడా పొరపాటేనా?"

"ఫైలు పొరపాటండీ. మాట నిజం."

పన్నెండోది కూడా అయిపోయింది. అతను డ్రైవులన్నీ ఏరుకుని సంచిలో వేసుకుని లేచాడు.

"మా ఇంట్లో కూడా ఒక కంప్యూటరుంది," అంది ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఆదివారం వచ్చి చూడండి. అమ్మా నాన్నా ఇంట్లోనే ఉంటారు."

"అలాగేనండీ. ఏమైంది దానికి?"

"ఇంకా ఏమీ కాలేదు. ఆదివారంలోగా ఏదో ఒకటి చేస్తాను."