జంట నరం

నడుము ఆపరేషన్ రోజు పొద్దున కూడా బాలకిషన్ నిలబడే పేపర్ చదివాడు. కూర్చుంటే నడుము నుంచి ఎడమ మడమ దాకా మంట. అబిడ్స్ బట్టల దుకాణంలో ముప్పై ఏళ్లు నిలబడి కత్తెర పట్టిన మనిషికి ఇప్పుడు మంచం మీద కూడా సుఖం లేదు.

"ఫైల్ పెట్టినవా రా?" అంది భార్య ప్రభావతి.

"నా దగ్గరనే ఉందమ్మా," అన్నాడు కొడుకు అఖిలేష్, ఆమె వైపు చూడకుండా.

ఆ ఇంట్లో ఒక పాడు అలవాటుంది. చెడ్డ మాట ఏదీ ప్రభావతి చెవిన పడనివ్వరు. పరేషాన్ అవుతుందని తండ్రీకొడుకులు అన్నీ దాస్తారు. ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని చంటిపిల్లలా చూడటమేమిటో మరి!

నాంపల్లి నర్సింగ్ హోంలో బాలకిషన్‌ను లోపలికి తీసుకెళ్లారు. చార్జర్ కోసం కొడుకు బ్యాగు తెరిస్తే ప్రభావతికి మడిచిన కాగితం దొరికింది. స్కానింగ్ రిపోర్టు రెండో పేజీ. ఎడమవైపు రెండు నరాలు ఒకే తొడుగులో కలిసి ఉన్నట్టు అనుమానంగా ఉందని, సర్జన్ గమనించాలని రాసి ఉంది.

"డాక్టర్ ఇది చూసిండా?"

అఖిలేష్ తల దించుకున్నాడు. "నువ్వు చదివితే ఆపరేషనే వద్దంటవని తీసిన. డాక్టర్‌కిస్తే మల్లా వాయిదా వేస్తడేమోనని..."

ఆమె చెప్పులు కూడా విడవకుండా వెళ్లి థియేటర్ తలుపు బాదింది. డాక్టర్ జ్ఞానశేఖర్ బయటికొచ్చి కాగితం రెండుసార్లు చదివారు.

"ఫిల్ముల్లో మాకిది తేలలేదమ్మా. ఒకటే నరమనుకుని పక్కకు లాగేవాణ్ని. జంట నరం అంత లాగితే ఓర్చుకోదు, పాదం పడిపోవచ్చు. ఎముక ఇంకొంచెం తీసి, చోటు చేసుకుని చేస్తాను. హామీ మాత్రం ఇవ్వలేను."

తలుపు మూసుకుంది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఎవరూ బయటికి రాలేదు.

"భయం నీది కాదమ్మా, నాదే," అన్నాడు అఖిలేష్ ఏడుస్తూ. "చదివిననాడే ఎవరికన్న చెప్పాలంటే భయమైంది. నీ పేరు చెప్పుకున్న."

కొట్టాలన్నంత కోపంతో లేచిన ఆమె చెయ్యి అతని వీపు మీద ఆగిపోయింది. "ఇగ భయమైతే నా పక్కన కూసొని భయపడు. ఒక్కనివే మొయ్యకు."

సాయంత్రానికి బాలకిషన్‌కు తెలివొచ్చింది. కొడుకును దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "ఎడమ బొటనవేలు తెలుస్తలేదురా," అన్నాడు. తర్వాత భార్య వైపు చూసి, కళ్లతోనే వద్దని సైగ చేశాడు.

అఖిలేష్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇటు రా," అన్నాడు. "నాన్నకు బొటనవేలు తెలుస్తలేదంట."