కంట్లో ఇసుక

సాయంత్రం ఆరులోగా చేయవలసినవి: లిఫ్ట్ మెకానిక్ వేషం వేయాలి. ఏడో అంతస్తులో ‘గాగుల్స్’ను కలవాలి. శత్రువుల కీవర్డ్ లిస్ట్, అంటే జనం సెర్చ్‌లో కొట్టే మాటల జాబితా, రాబట్టాలి. మన వెబ్‌సైట్‌ను సెర్చ్‌లో మొదటి స్థానానికి ఎక్కించాలి.

“విదేశీ ముఠా కంటి చుక్కల మందులో విషం కలిపింది,” అన్నాడు చీఫ్. “నిన్న జనం కళ్లలో ఒక డోసు పడింది. ఇవాళ ఆరింటికి రెండోది పడితే చూపు పోతుంది. మంట పుట్టగానే జనం ఫోన్ తీసి వెతుకుతారు. ఆపేయండని మన సైట్ చెబుతోంది. మంట మంచిదే, వేసుకోండని వాళ్ల దొంగ సైట్ చెబుతోంది. ముందు కనబడుతున్నది వాళ్లదే. మన కీవర్డ్‌లు ఎంచింది నువ్వేగా, డిగ్రీ?”

ఏజెంట్ తల దించుకున్నాడు. ఇంటిల్లిపాదిలో మొదట పట్టా అందుకున్నవాడు గనుక డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు డిగ్రీ. ‘నేత్ర ప్రదాహం’, ‘అక్షి శోథ నివారణ’... నిఘంటువు ముందేసుకుని చెమటోడ్చి ఎంచిన మాటలవి.

ఐదూ ఇరవైకి ఏడో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకుంది.

“పైకా, కిందికా?” అన్నాడు మెకానిక్ వేషంలోని డిగ్రీ.

“బాగైతే పైకి.”

కోడ్ కుదిరింది. నల్ల కళ్లద్దాల సుందరి లోపలికొచ్చింది. ముఠా జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్.

“లిస్ట్ ఏదండీ?”

“లిస్టూ లేదు, గిస్టూ లేదు. మావాళ్లు జనం నోట్లోంచి ఏరుకున్నారు. మీ సైట్ తొమ్మిదో పేజీలో ఉంది బాబూ. అక్కడిదాకా వెతికే ఓపిక మా ముఠాకే లేకపోయింది.”

“శాస్త్రీయంగానే ఎంచానండీ...”

“ఆ మాటలు నీ నోటితో ఎప్పుడైనా అన్నావా? కళ్లు మండితే మీ అమ్మ ఏమంటుంది?”

అతనికి గుర్తు రాలేదు. లాండ్రీలో పనిచేసే తల్లికి ఫోన్ కలిపి అదే అడిగాడు.

“నువ్వే చెప్పు నాన్నా. నేనంటే తప్పుగా వస్తుందిగా.”

ఆఫీసులో నలుగురూ వింటుండగా ఫోన్‌లో ఆమె మాటను అతను దిద్దింది పోయిన నెలే.

“తప్పు నాదమ్మా. నీకెలా వస్తే అలాగే చెప్పు.”

“కంట్లో ఇసుక పోసినట్టుంది అంటాం. కళ్లు గరగరలాడుతున్నాయి అంటాం. చుక్కలేస్తే భగ్గుమంటోంది అంటాం. ఇక్కడ అందర్నీ అడగనా?”

“అడుగమ్మా, త్వరగా!”

ఇరవై మూడు మాటలు వచ్చాయి. ఒక్కోదాన్నీ తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి కొట్టి, రెంచిలో దాచిన ట్రాన్స్‌మిటర్‌తో సైట్‌లోకి పంపాడు. తొమ్మిదో పేజీ. నాలుగు. రెండు. ఆరుకు నిమిషం ఉందనగా మొదటి పేజీ, మొదటి వరస.

“ఎక్కింది,” అంది గాగుల్స్.

“ఈ మాటలిచ్చిన సోర్స్ ఎవరు?” ఆఫీసులో రిపోర్ట్ ఫారం ముందుకు తోస్తూ అడిగాడు చీఫ్.

‘మా అమ్మ’ అని రాయబోయి కలం వెనక్కి తీసుకున్నాడు. ‘భాషా నిపుణురాలు’ అని రాశాడు డిగ్రీ.

“ఏ యూనివర్సిటీ?”

అతను ఆ గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాడు.

ఫైల్లో ఇప్పటికీ ‘భాషా నిపుణురాలు’ అనే ఉంది. మీరైనా ఆ లాండ్రీ మనిషిని గుర్తుపెట్టుకోండి. ఎక్కడైనా కలిస్తే, ఆమె మాటను మాత్రం దిద్దకండి.