రెండు గంటల కావలి

"దొంగోడు దొరికినాడు!" అని ప్రసూన కర్ర ఎత్తేసరికి లోకనాథ్ చంకలో మేకపిల్ల ఉంది.

అదీ వాళ్ల మొదటి పరిచయం.

"నేను దొంగనా? ఇది మా మేకే తల్లీ!"

"దొంగలందరూ ఆ మాటే చెప్తారు. మరి ఆ కూత ఎందుకు కూసినావ్?"

"మేకను పిలిస్తి. కూత కూయకుండా ఎట్ల పిలుస్తారు? ఫోన్ చేస్తారా?"

నిజానికి తప్పు ఎవరిదీ కాదు. ప్రొద్దుటూరు చివరి ఆ వీధిలో, మగవాళ్లు పనులకు పోయిన మధ్యాహ్నం వేళ, ఎవరో బైకుల మీద వచ్చి మేకల్ని ఎత్తుకుపోతున్నారు. ఐదు పోయేసరికి ప్రసూనకు ఒళ్లు మండింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఆ పిల్ల ఎదురింటి ఖాజాబీని కలుపుకుని, ఇంటికొకరిని వంతులేసి, గ్రూపు పెడతానంది. తండ్రి చిన్నన్న అడ్డుపడ్డాడు.

"మన జిల్లాలో గ్రూపంటే వేరే అర్థం వస్తాది. కావలి అను."

అలా మధ్యాహ్నం రెండు గంటల కావలి మొదలైంది. అనుమానం వస్తే మేకల్ని పిలిచే కూత కూయాలి, "డుర్ర్ర్ హోయ్!" అని. ఆ కూత రాని ఇల్లు ఆ వీధిలో లేదు. ముందురోజే దువ్వూరు నుంచి తల్లితో, మేకపిల్లతో అద్దెకు దిగిన లోకనాథ్‌కు ఈ సంగతి తెలీదు పాపం. మేకను పిలిస్తే పద్నాలుగు కర్రలు వచ్చాయి.

"ఇంత గొంతుండాది, నువ్వూ కావలికి రాగూడదా అప్పా?" అని నవ్వింది ఖాజాబీ.

కలమల్ల కరెంటు ప్లాంటులో అతనిది రాత్రి డ్యూటీ. పగలు పడుకోవాల్సిన మనిషి, రోజూ రెండు గంటలకు వచ్చి నిలబడ్డాడు.

"కాస్తాండావా, నిద్రపోతాండావా?"

"ఒక కన్ను మేకలకు, ఒక కన్ను నీకు. నిద్రకు ఇంగ కన్ను యాడుంది?"

ప్రసూన కర్రతో నేలను కొట్టింది గానీ నవ్వు దాచుకోలేకపోయింది.

రెండు నెలల్లో ఒక్క మేకా పోలేదు. అదే ముప్పు తెచ్చింది. దొంగలు రానప్పుడు కావలి ఎందుకని ఒక్కొక్కరే మానేశారు. చివరికి ప్రసూన, లోకనాథ్ మిగిలారు. ఇద్దరే మిగిలితే వీధి ఊరుకుంటుందా?

"నువ్వు కాసేది మేకల్ని కాదంటాండారు," అన్నాడు చిన్నన్న ముఖం తిప్పుకుని. "రేపట్నుంచి కావలీ లేదు, ఏమీ లేదు."

మర్నాడు సరిగ్గా రెండు గంటలకు, సన్నటి తుంపరలో, ప్రసూన వీధి మధ్య నిలబడి గొంతెత్తి కూత కూసింది.

తలుపులు తెరుచుకున్నాయి. కర్రలు బయటికొచ్చాయి. చిన్నన్న చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. లోకనాథ్ చొక్కా తిరగేసి తొడుక్కుని నిద్రమత్తులో వచ్చాడు.

"దొంగ యాడ?"

"లేడు నాయనా. వస్తారో రారో చూద్దామని పిలిచినా. అందరూ వచ్చినారు. మరి కావలి అయిపోయిందని ఎవరన్నారు?" ప్రసూన చుట్టూ చూసింది. "ఇంగొకటి. నా గురించి ఇండ్లల్లో కూచోని మాట్లాడతాండారంట. ఈడ, నా ముందర మాట్లాడండి. అవును, ఈయప్పంటే నాకు శానా ఇష్టం. కావలిని వదల్ను, ఈయన్ని వదల్ను!"

"నాక్కూడా..." అన్నాడు లోకనాథ్.

"నువ్వుండు, నీ వంతు ఇంగా రాలేదు."

చిన్నన్న తన చేతిలోని కర్రను చూసుకున్నాడు. తర్వాత ఖాజాబీ గోడకు అంటించిన వంతుల కాగితం దగ్గరికి పోయి పెన్ను అడిగాడు.

"రేపు రెండు గంటలకు వంతు నాది. కానీ వీళ్లిద్దరికీ మాత్రం ఒకే దినం వేయొద్దు."

ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెండ్లి అయ్యేదాకా," అన్నాడు చిన్నన్న, పేరు రాసుకుంటూ.