ఉప్పునీళ్ల కాపలా

శనివారం పొద్దున రాళ్లు నానేసిన నీళ్లను గాజు గొట్టంలో తీసుకుని, మందు చుక్కలు వేసి ఊపేసరికి అవి నిమ్మపండు రంగుకు తిరిగాయి. రమ్యశ్రీ వంటింట్లోకి గంతులేసుకుంటూ వచ్చింది.

"అత్తా, అమోనియా లేదు! రాళ్లు ఈ పొద్దే తొట్టెలోకి పోతాయి!"

పుష్పావతి దోసె తిరగేస్తూ నవ్వింది. "పోనీలేమ్మా. పెండ్లికూతురికి కూడా ఇన్నిసార్లు నలుగు పెట్టి స్నానం చేయించరు."

మదనపల్లెలోని ఆ ఇంటి హాల్లో సముద్రపు నీళ్ల తొట్టె ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే లోకేష్ నాలుగేళ్ల కిందట ఎంతో మోజుపడి పెట్టుకున్నాడు. అతను ఇంటికి వచ్చేది వారానికోసారి. పెళ్లయిన కొత్తలో భార్యకు చీర తేవలసినవాడు పెట్టె నిండా ఎండు రాళ్లు తెచ్చాడు. "మన పెళ్లి గుర్తుగా తొట్టెలో కొత్త గుట్ట కడదాం" అన్నాడు. రమ్య మురిసిపోయింది. చిల్లులు చిల్లులుగా ఉన్న ఆ రాళ్లలో ఒకటి అచ్చం వాళ్ల నాన్న మునస్వామి ముక్కులా ఉందని కుప్పంలోని పుట్టింటికి ఫోటో కూడా పంపింది.

ఎండు రాయిని తెచ్చింది తెచ్చినట్టు వేస్తే ఆ చిల్లుల్లో ఎండిపోయిన పురుగూ పాచీ కుళ్లి, కుదురుకున్న తొట్టెలో చేపలు చచ్చిపోతాయి. అందుకని బ్రష్‌తో తోమి, బ్లీచింగు నీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. ఆపైన ఉప్పు కలిపిన ఆర్వో నీళ్ల టబ్బులో వేసి, మూత పెట్టి, మోటారు తిప్పుతూ, కుళ్లువల్ల పుట్టే అమోనియా పోయేదాకా వారాల తరబడి ఉంచాలి. కరెంటు పోతే మోటారు చూడాలి, నీళ్లు ఆవిరైతే పోయాలి. మొదట్లో అంతా ఆటలా ఉండేది. గడప దాటే వీలు లేదని రమ్యకు తర్వాత తెలిసింది.

పుంగనూరులో ఒక కాలేజీవాళ్లు ఆమెను ఫిజిక్స్ లెక్చరర్‌గా తీసుకున్నారు. చేరే రోజు ఒకసారి వాయిదా వేయించుకుంది. ఈ సోమవారం రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని వాళ్లు తేల్చి చెప్పేశారు. లోకేష్‌ది మాత్రం ఒకటే మాట. "రాళ్లు లోపలికి పోనీ రమ్యా, తర్వాత నీ ఇష్టం." నారింజ చేప గాజు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంటే ముద్దొచ్చేది ఒకప్పుడు. ఈమధ్య అది అట్లా తిరిగినప్పుడల్లా ఆమెకు ఊపిరాడనట్టు ఉంటోంది.

మిద్దె మీదికి పోయి కాలేజీకి ఫోన్ చేసింది. "సోమవారం వస్తున్నా మేడమ్!" ఆ సంబరంతోనే మెట్లు దిగి పెరట్లోకి వచ్చింది. టబ్బు మూత గోడకు ఆనించి ఉంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్లపైకి కనిపిస్తున్న ప్రతి రాయికీ పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పుష్పావతి కర్పూరం వెలిగిస్తోంది.

"అత్తా! ఏం చేసినారు?"

"ఇంట్లోకి కొత్తవి వస్తాండాయి కదా. బండికి పెట్టలేదా, గ్రైండరుకు పెట్టలేదా? యాలమ్మా అట్ల సూస్తాండావు?"

"రంగు చిల్లుల్లోకి దిగిపోయింది! ఇవి వేస్తే తొట్టె పాడవుతుంది. మళ్లీ బ్లీచింగు, మళ్లీ కడగడం, మళ్లీ వారాలు!"

"రుద్దితే పోదా?"

"పోదు!" రమ్య అత్తవైపు తిరిగింది. "నేను పోవడం మీకు ఇష్టం లేదు. అందుకే ఇట్లా చేసినారు."

పుష్పావతి చేతిలో హారతి పళ్లెం అట్లే ఆగిపోయింది.

"నేనా? మొదటిసారి ఉద్యోగానికి పోతాండావు, మంచి జరగాలని మొక్కుకోని పెట్టినా." ఆమె పళ్లెం కింద పెట్టింది. "నువ్వు ఈడుంటేనే నాకు లాభం తల్లీ. సదుంలో మా గంగాదేవక్క మంచం పట్టి ఏడాదైంది. కోడలొచ్చింది కదా, తొట్టె సూసుకుంటాది, పోయి నాలుగు దినాలు ఉండొస్తామనుకున్యా. నువ్వు పోతే నేను మళ్లా ఈడనే. అయినా నువ్వు పోవాలనే పెట్టినా బొట్టు."

రమ్య దగ్గరికి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది.

అంతలో లోకేష్ బ్యాగుతో లోపలికొచ్చాడు. టబ్బు చూసి కేక పెట్టాడు. "అయ్యో, నా రాళ్లు! ఎవరు చేసినారు ఈ పని?"

"రాళ్ల సంగతి తర్వాత. మీ అమ్మ సదుం పోయి ఎన్నేళ్లయిందో అడగండి."

లోకేష్ బిత్తరపోయాడు. "నాకు ఎప్పుడూ చెప్పలేదే మా?"

"ఎప్పుడు చెప్పాల్రా? బస్సు దిగంగానే 'చేపలు ఎట్లుండాయి మా' అంటావు. బాగుండాయంటా. అన్నం తిని పండుకుంటావు." ఆమె గొంతులో కోపం లేదు. "అక్కకు బాగలేదని ఒకసారి చెప్పినా. నువ్వప్పుడు గాజు తుడుస్తాండావు. 'ఊ' అన్యావు."

అతను టబ్బు పక్కనే కింద కూర్చున్నాడు. ఎర్రనీళ్లలో చెయ్యి పెట్టి ఒక రాయి తీశాడు. దాని మీది బొట్టును బొటనవేలితో రుద్దాడు.

"వారం ఇంట్లోనే ఉండి పని చేస్తా. మీరిద్దరూ పొండి."

"వారం తర్వాత?" అంది రమ్య.

అతను హాల్లోకి చూశాడు. నీలం వెలుతురులో చేపలు తిరుగుతున్నాయి. "పలమనేరులో నా స్నేహితుడు మునికుమార్ తొట్టె ఇమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, ఇచ్చేస్తా. నేను చూసుకోలేనిదాన్ని తెచ్చి మీ మెడకు కట్టినా." కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా ఎర్రరంగు అంటుకుంది. కొడుకు మాటకు కళ్లనీళ్లు పెట్టుకున్న పుష్పావతికి అది చూసి నవ్వొచ్చింది. "లెయ్యిరా, మొగం కడుక్కో. జాతరలో ఏసం కట్టినోని మాదిరి ఉండావు."

సోమవారం పుంగనూరు బస్సులో పుష్పావతి కిటికీ వదల్లేదు. "ఈ ఇండ్లన్నీ ఎప్పుడు కట్టినారు? ఈడ టమాటా తోటలు ఉండె కదా?" అంటూ దారి పొడుగునా అడుగుతూనే ఉంది. తెలియనివాటికి కూడా రమ్య ఏదో ఒక జవాబు చెప్పింది.

పుంగనూరు బస్టాండులో సదుం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. రమ్య చెయ్యి పట్టి ఎక్కించబోతే పుష్పావతి విడిపించుకుంది.

"నేను పోతాలే. నువ్వు కాలేజీకి పో, మొదటి దినమే ఆలస్యమైతే ఏం బాగుంటాది?"

ఆమె ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా రమ్య చూస్తూ నిలబడింది. ఇన్నాళ్లూ తనను కట్టేసిందనుకున్న మనిషి తనకన్నా ముందునుంచీ ఆ ఇంట్లో చిక్కుకుని ఉంది. అట్లా ఉండి కూడా తలుపు తీసింది ముందు తనకోసమే. కళ్లు మసకబారాయి. చీర చెంగుతో తుడుచుకుని, కాలేజీ వైపు గబగబా నడిచింది.