మూడో అంతస్తులో లీకు

"మన ఆఫీసులో లీకు ఉంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పైకప్పు వంక చూశాడు. అలాంటి లీకైతే ఎంత బాగుండేది! విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండు మంది లిస్టు శుక్రవారం మూడింటికి శత్రువుల కొరియర్ చేతికి అందబోతోంది. అందులో ఏడో పేరు ఏజెంట్ సొంత చెల్లెలిది.

అందించేది ఎవరో తెలీదు. ఎక్కడో మాత్రం తెలుసు, ఇదే ఆఫీసు మూడో అంతస్తులోని పాంట్రీ. ఏజెంట్‌కి ప్లంబర్ వేషం వేసి, ముసలి మేస్త్రీ ఒకాయన దగ్గర వారం ట్రైనింగ్ ఇప్పించారు. మెయిన్ వాల్వ్ కట్టకుండా పైపు మీద చెయ్యి వెయ్యకూడదన్నది మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం.

శుక్రవారం మధ్యాహ్నం సరిగ్గా ఆ పాఠమే మరిచిపోయాడు మహానుభావుడు. చెల్లెలి గురించే ఆలోచిస్తూ సింకు కింద దూరి నట్టు విప్పాడో లేదో, నీళ్లు మొహాన కొట్టాయి. రెండు బొటనవేళ్లతో పైపు నొక్కిపట్టాడు. ఇయర్‌పీస్ తడిసి మూగబోయింది. పిస్టల్ టూల్‌బాక్సులో, బారెడు దూరంలో ఉంది. తల పట్టుకుందామన్నా చేతులు ఖాళీ లేవు.

హైహీల్స్ చప్పుడైంది. చీఫ్ దగ్గర పనిచేసే సెక్రటరీ. రోజూ నవ్వుతూ గుడ్‌మార్నింగ్ చెప్పే అందగత్తె. ఇవాళ ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

"చేతులు అక్కడే ఉంచు. తీశావా, కాల్చేస్తా."

"ఇప్పుడే కాల్చొచ్చుగా?"

"నువ్వు పోతే ఆ పైపెవరు పట్టుకుంటారు? నీళ్లు పారితే జనం పోగవుతారు. మా వాడు వచ్చి వెళ్లేదాకా పట్టుకో."

ఆ 'మా వాడు' కాఫీ మెషీన్ మెకానిక్ వేషంలో వచ్చాడు. ఆమె లిప్‌స్టిక్ గొట్టంలోంచి చుట్టిన కాగితం తీసింది. ఏజెంట్ నిలువునా నీరైపోయాడు. చెల్లెలు చిన్నప్పుడు రోడ్డు దాటాలంటే తన చూపుడువేలు పట్టుకుంటే తప్ప కదలని పిల్ల. ఆ వేలు ఇప్పుడు ఇక్కడుండి ఏం లాభం? పదిహేనేళ్ల సర్వీసులో మొదటిసారి ఏడుపొచ్చింది.

కన్నీళ్లలోంచే కాగితం రంగు చూశాడు. లేత నీలం. రికార్డు గదిలోకి ఫోన్ కాదు కదా, పెన్ను కూడా రానివ్వరు. అందుకే ఆమె అసలు లిస్టునే ఎత్తుకొచ్చింది. డిపార్ట్‌మెంటు రహస్యాలన్నీ ఆ నీలం కాగితం మీదే రాస్తారు. దొరికిపోయినవాడు నోట్లో వేసుకుంటే క్షణంలో కరిగిపోవాలని.

కొరియర్ చెయ్యి చాచాడు. ఏజెంట్ రెండు బొటనవేళ్లూ తీసేశాడు.

తూటా ఫ్రిజ్‌కి తగిలింది. నీళ్లు తగలాల్సిన చోటే తగిలాయి. కొరియర్ వేళ్ల మధ్య పదకొండు ప్రాణాలు నీలం ముద్దగా మారి జారిపోయాయి. ఆమె రెండోసారి గురిపెట్టే లోపు తలుపు తెరుచుకుంది. కింది అంతస్తులో తన బట్టతల మీద ఇందాకటి నుంచీ చుక్కలు పడుతుంటే, ఆ ప్లంబర్ని తిట్టడానికి చీఫ్ గార్డులతో సహా పైకొచ్చాడు.

సాయంత్రం చెల్లెలి నుంచి, ఆమెకి వారానికోసారి దొరికే రెండు నిమిషాల కాల్ వచ్చింది. ఆమెకేమీ తెలీదు.

"గొంతేంటి అన్నయ్యా, అలా ఉంది? జలుబు చేసిందా?"

"ఆఫీసులో చిన్న లీకు. తడిసిపోయా."

"నువ్వే ఏదో తెరిచి కట్టడం మర్చిపోయుంటావ్," అంది చెల్లెలు.