మధ్యాహ్నమైతే తెగిపోయే లైన్

గీస్తున్న మెట్లు సగంలో ఆగిపోయాయి. తెర మీద బాణం గుర్తు బిగుసుకుపోయి, చిన్న చక్రం తిరగడం మొదలైంది.

ఆమెకు ఒళ్ళు మండింది. ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం ఆమెది. ఆ బరువైన సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని రిమోట్ డెస్క్‌టాప్‌తో నడుపుతుంది. నాన్నకు తుంటి ఎముక విరిగినప్పట్నుంచీ ఇదే ఏర్పాటు.

ఆఫీసు సపోర్టుకు ఫోన్ చేసింది. ఎత్తింది కొత్త గొంతు.

“ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.”

“చేశాను.”

“ఇంకొక్కసారి...”

“మీకు ఆ మాట తప్ప ఇంకేమీ నేర్పలేదా?”

“నేర్పారండీ. అవన్నీ చేశాక కూడా చివరికి రీస్టార్టే చేయిస్తాం. అందుకే ముందే అడిగేస్తుంటాను.”

అంత కోపంలోనూ ఆమె ఫక్కున నవ్వేసింది. ఆ సాయంత్రమే అతనిచ్చిన నంబరును ‘రీస్టార్ట్ గారు’ అని దాచుకుంది.

గోడ అవతలున్న రౌటర్ నుంచి వైఫై సరిగ్గా అందడం లేదని అతను తేల్చాడు. కేబుల్ లాగించాడు. కొన్నాళ్ళు అంతా సవ్యంగా నడిచింది. తర్వాత మళ్లీ మొదలైంది, అదీ మధ్యాహ్నాలే. అతను సెట్టింగులు మార్చాడు, సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టించాడు. ఎంత చేసినా లైన్ తెగుతూనే ఉంది. అది మళ్లీ కలిసేదాకా ఫోన్లో కబుర్లు.

“ఇవాళ ఏం గీస్తున్నారు?”

“ఎవరిదో వంటిల్లు.”

“కిటికీ పెట్టారా?”

“పెట్టాను. ఏం?”

“మా అమ్మ కిటికీ లేని వంటింట్లోనే నన్ను పెంచి పెద్ద చేసింది. చెమట తుడుచుకుంటూనే వడ్డించేది. వంటిల్లంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది.”

లైన్ కలిశాక ఆమె ఆ కిటికీని కాస్త వెడల్పు చేసింది.

ఇంతలో మేనేజర్ నుంచి కబురు వచ్చింది. ఈ నెలాఖరులోగా సమస్య తీరకపోతే ఆఫీసుకొచ్చి కూర్చోవాలి, లేదా మానేయాలి. నడవలేని నాన్నను వదిలి ఎలా వెళ్తుంది? ఆ మాట రీస్టార్ట్ గారికి చెప్పేసింది.

అతను వెంటనే రౌటర్ పేజీ తెరిపించి, రౌటర్ ఆఖరిసారి ఎప్పుడు ఆన్ అయిందో ఆమెచేత చదివించాడు. సరిగ్గా లైన్ తెగిన సమయమే. “దానికి కరెంటు ఆగిపోతోందండీ. నేనొచ్చి చూస్తాను.”

తడిసిన చొక్కాతో వచ్చాడు. బయట వాన. ఆమె ఊహించుకున్న మనిషికంటే పొడుగు, ఫోన్లోకంటే బిడియం. తువ్వాలు అందుకుంటూ ఆమె కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, గబుక్కున రౌటర్ ఎక్కడుందని అడిగాడు.

“నాన్న గదిలో.”

ఆమె టీ పెట్టి తీసుకొచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“రౌటర్ స్విచ్ మీ తలగడ పక్కనే ఉంది బాబాయిగారూ.”

“బాబాయి అనకు. వరస చెడిపోతుంది,” అన్నాడు నాన్న. తర్వాత గొంతు తగ్గించాడు. “వాళ్ళమ్మ పోయాక ఇది నవ్వడం మానేసిందయ్యా. ఆ రోజు లైన్ పోతే నీతో మాట్లాడి నవ్వింది. మళ్లీ వినాలనిపించింది. మంచంలో పడి ఉన్నవాణ్ణి, నా చేతికి అందేది ఆ స్విచ్ ఒక్కటే.”

“ఆవిడ ఉద్యోగం పోయేలా ఉందండీ.”

నాన్న ముఖంలో రంగు పోయింది. “నాకు చెప్పలేదే.”

ఆమె లోపలికొచ్చి టీ కప్పులు బల్ల మీద పెట్టింది. తిట్టాలని వచ్చింది కానీ నాన్న వేళ్ళు దుప్పటి అంచును నలుపుతుండడం చూసి పక్కన కూర్చుండిపోయింది.

“నవ్వు కావాలంటే నన్ను పిలవొచ్చు కదా నాన్నా.”

“పిలిస్తే మాత్రలు పట్టుకొస్తావే తల్లీ.”

రీస్టార్ట్ గారు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. ఆమె దాచుకోలేకపోయింది. కళ్ళ నీళ్ళతోనే నవ్వింది.

అతను రౌటర్‌ను ఆమె బల్ల దగ్గరికి మార్చాడు. వెళ్తూ గుమ్మంలో తచ్చాడాడు.

“స్విచ్ పొరపాటున ఆఫ్ అవుతోందని, సరిచేశానని మేనేజర్‌కు చెబుతాను. ఇక తెగదు.”

“మంచిది.”

“అంటే... మీరిక ఫోన్ చెయ్యక్కర్లేదు.”

“సపోర్టుకు చెయ్యను,” అంది ఆమె. “మీకు చేస్తాను. ఎత్తుతారా?”

అతను నోరు తెరిచేలోపే లోపల్నుంచి నాన్న కేకేశాడు. “వాన తగ్గలేదయ్యా. కూర్చో, వెళ్దువుగాని.”

అతను చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చాడు.