మేకల రేవు ఇంటి బావి

మేకల రేవు ఇంట్లో దిగుతారా? దిగండి, నాకేం పోయింది. కానీ ఆ ఇంటికున్న పేరు తెలుసుకుని మరీ దిగండి. పొద్దుగూకాక ఈ ఊళ్ళో మగాడన్నవాడెవడూ ఆ దారి తొక్కడు. పెరట్లో బావి ఉంది. చుక్క నీళ్ళుండవు అందులో. ఎప్పుడో భూమి అదిరినప్పుడు అడుగు పగిలి ఎండిపోయింది. అయినా సరే... రాత్రిళ్ళు ఎవరో అందులో నీళ్ళు తోడతారు.

ముందు బకెట్టు రాతిగోడకి తగులుతుంది. మూడుసార్లు — టక్... టక్... టక్. తర్వాత తాడు జారే చప్పుడు.

మిమ్మల్ని తీసుకెళ్ళే వ్యాను రావడానికింకా టైముంది. పెట్టెలు పక్కన పెట్టి కూర్చోండి, చెప్తాను.

ఈ దీవికొచ్చే మీ పట్నాలవాళ్ళందరిదీ ఒకటే పాట. సముద్రం కనపడాలి. కిటికీ తీస్తే సముద్రం, మంచమెక్కితే సముద్రం, పళ్ళు తోముకుంటున్నా సముద్రమే. మా అమ్మమ్మల రోజుల్లో సముద్రం కనపడే చోట మేకల్ని కట్టేసేవాళ్ళు. ఆ ఉప్పుగాలికి అక్కడ ఉల్లిపాయ కూడా మొలవదు. ఓడదొంగలొస్తే ముందు అక్కడే దిగేవాళ్ళు. బుద్ధున్నవాడు కొండ మీద, సముద్రానికి వీపు పెట్టి ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడేమో మేకలు పడుకున్న చోట పడుకోవడానికి మనుషులు ఆర్నెల్ల ముందు కబురు పెట్టుకుంటున్నారు. వెర్రి వెయ్యి విధాలంటే ఇదే.

నా పేరు జాంబెత. కొండ మీద పెద్దిల్లు నాది. కింద మేకల రేవులో ఉన్న కొట్టం మా చెల్లెలు మోస్కూలది. ఆ పంపకం మా అమ్మ గింజలు తీయించి చేసింది. చెంబులో రెండు చిక్కుడు గింజలు వేసింది. తెల్లది తీసినవాళ్ళకి పెద్దిల్లు, నల్లది తీసినవాళ్ళకి కొట్టం. చిన్నదాన్ని ముందు తీయమంది. దానికి నల్లది వచ్చింది, నాకు తెల్లది. అది ఏడ్చింది, నేను నవ్వాను. దాని పెళ్ళిలో కూడా నవ్వాను. "మేకలతో కలిసి కాపురం చేసుకోవే" అన్నాను.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పదేళ్ళు తిరిగేసరికి పడవల్లో మీలాంటివాళ్ళు దిగడం మొదలెట్టారు. అది కొట్టానికి సున్నం కొట్టి, తలుపులకి నీలం రంగేసి, రెండు మంచాలు వేసింది. అంతే. నేను ఇదే పడవల రేవులో, ఇదే ఎండలో "గదులున్నాయి" అని రాసిన అట్ట పట్టుకుని నిలబడితే, నన్ను దాటుకుని దాని దగ్గరికి పోయేవాళ్ళు. నా ఆరు గదుల్లో పిల్లులు పడుకునేవి.

ఒళ్ళు మండదా మరి?

మా అమ్మా అంతే. పోయేదాకా దాని పంచనే ఉంది. నా పెద్దింట్లో ఒక్క రాత్రి నిద్ర చెయ్యలేదు. రోజూ సాయంత్రం ఆ బావి దగ్గర నిలబడి, బకెట్టు గోడకి మూడుసార్లు కొట్టి, "లోపలున్నవాళ్ళు తప్పుకోండి" అని అప్పుడు తాడు వదిలేది. లోపలెవరుంటారే అంటే నవ్వేది. అమ్మ పోయిన ఏడే భూమి అదిరింది, బావి ఎండింది.

ఆ తర్వాత మూడేళ్ళకి దెయ్యం మొదలైంది.

ఆ దెయ్యం ఎవరనుకున్నారు? నేనే.

నవ్వుకోండి. మొగుడు పోయిన దగ్గర్నుంచీ నల్లబట్టలే కదా, చీకట్లో ఎవరికీ కనపడను. మేకల బాటన దిగి, గోడ కూలిన చోట లోపలికి దూరి, బకెట్టు మూడుసార్లు కొట్టి, తాడు జారవిడిచి, వచ్చిన దారినే వెళ్ళిపోయేదాన్ని. తెల్లారేసరికి పెట్టెలు మోసుకుంటూ నా గుమ్మం ముందుకి వచ్చేవాళ్ళు. వేడివేడి కాఫీ ఇచ్చి, "అయ్యో పాపం, నేను ముందే చెప్పానుగా" అనేదాన్ని. అలా నాలుగు వేసవులు గడిచాయి. అనుమానం పెనుభూతం. నేను చెయ్యాల్సింది పావు వంతు, మిగతాది ఊళ్ళోవాళ్ళే చేసిపెట్టారు. బావిలో మొహం చూశానని ఒకడు, దగ్గు విన్నానని ఇంకొకడు. గాడిదలు.

నాలుగో ఏడు మోస్కూల చర్చి గుమ్మంలో అందరి ముందూ చెప్పింది. "ఈ ఆగస్టులో కూడా మనుషులు నిలవకపోతే, ఇంటికి తాళం వేసి పిరేయస్ పట్నం పోయి ఎవరింట్లోనైనా వంటకి కుదురుతాను" అని. నా వంక చూడకుండానే చెప్పింది. పో, పీడా పోతుంది అనుకున్నాను.

ఆ ఆగస్టులోనే దిగారు వాళ్ళిద్దరూ. థెస్సలొనీకి పట్నం నుంచి లాజరోస్ అని ఒకడు, వాడి పెళ్ళాం ఎవాన్థియా. వాడి నవ్వు వాడి కంటే ముందు దిగింది పడవలోంచి. నేను బావి సంగతి చెప్తే — "దెయ్యానికి కూడా సముద్రం కనపడే గదే ఇచ్చారా, పెద్దమ్మా?" అన్నాడు. సరే, రాత్రికి నీ పని చెప్తానురా అనుకున్నాను. మోస్కూల ఊళ్ళో లేదు. పన్ను నొప్పని పొద్దున పడవకే పక్కదీవి నాక్సోస్ వెళ్ళింది. తాళంచెవి పూలకుండీ కింద పెట్టి పోయింది.

కానీ ఆ సాయంత్రం రేవు మెట్లు దిగుతుంటే నా కాలు మడతపడింది. చీలమండ గుమ్మడికాయంత వాచింది. వెనిగర్ గుడ్డ చుట్టుకుని మంచమెక్కాను. దెయ్యానికి ఆ రాత్రి సెలవు.

అర్ధరాత్రి ఎవరో నా తలుపు బాదారు.

తెరిస్తే లాజరోస్. వెనక ఎవాన్థియా. పెట్టెలు లేవు. వాడు భయపడి రాలేదు... తిట్టడానికి వచ్చాడు.

"ఈ వయసులో సిగ్గులేదూ, పెద్దమ్మా? కొండ మీద నుంచి దిగి మమ్మల్ని బెదిరించడానికి వస్తావా?" అన్నాడు.

వాడే చెప్పుకొచ్చాడు. పెరట్లో కూర్చుని రొట్టె, జున్ను తింటున్నారట. దీపం ఆర్పి లోపలికి వెళ్ళారో లేదో — టక్... టక్... టక్. ఎవాన్థియా వాడి చెయ్యి పట్టుకుంది. వీడు నవ్వాడట. "రేవులో ముసలమ్మ వచ్చింది, డ్యూటీకి" అని, టార్చి తీసుకుని బయటికి వచ్చాడు.

బావి దగ్గర పొట్టి మనిషి. నల్లబట్టలు. వీపు ఇటు. తాడు లాగుతోంది.

"పెద్దమ్మా, చాల్లే. కాలు జారి పడతావు, ఇంటికి పో" అన్నాడట వీడు.

ఆవిడ తిరగలేదు. తాడు లాగుతూనే ఉంది... మెల్లగా... ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి. బకెట్టు పైకొచ్చింది. దాంట్లోంచి నీళ్ళు తొణికాయి. వీడి చెప్పుల మీద పడ్డాయి. చల్లగా ఉన్నాయి.

అప్పుడు ఆవిడ బకెట్లో చెయ్యి పెట్టి ఏదో తీసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది. వీడు తీసుకున్నాడు. ఆవిడ గుసగుసగా అంది — "పైనింట్లో పెద్దదానికి ఇవ్వు. దాని వంతుకొచ్చింది ఇదే."

"నీ నాటకంలో ఈ ముక్క మాత్రం కొత్తగా ఉంది. ఎవరీ పెద్దది?" అన్నాడు లాజరోస్ నాతో.

నేను దుప్పటి తీసి కాలు చూపించాను.

వాడు కాలు చూశాడు. నా మొహం చూశాడు. మంచం పక్కన పెట్టుకున్న కర్ర చూశాడు. నవ్వు ఎక్కడ పోయిందో పాపం, మళ్ళీ దొరకలేదు.

"మరి..." అంది ఎవాన్థియా, "అక్కడున్నదెవరు?"

వాడు గుప్పిట విప్పి నా అరచేతిలో పెట్టాడు. నల్ల చిక్కుడు గింజ. తడిగా... ఇప్పుడే కాయ వలిచి తీసినట్టు నిగనిగలాడుతోంది.

మీకు సగమే చెప్పాను ఇందాక. మిగతా సగం వినండి. ఆ రోజు అమ్మ అటు తిరిగినప్పుడు చెంబులోంచి తెల్ల గింజ తీసి అరచేతిలో దాచుకున్నాను. దాని బదులు ఇంకో నల్లది వేశాను. చిన్నది ఏది తీసినా నల్లదే. నా వంతు వచ్చినప్పుడు చెయ్యి పెట్టి, తెల్లది పట్టుకుని బయటికి తీశాను. మర్నాడు మేకలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళి, చెంబులో మిగిలిన నల్లగింజని ఆ బావిలో పడేశాను. నా మొగుడికి చెప్పలేదు. ఫాదరీకి చెప్పలేదు. పెళ్ళి కాకముందు పడేసిన గింజ, తల నెరిశాక నా చేతికొచ్చింది.

వాళ్ళిద్దరూ కిందకి పోలేక, నా గదుల్లో పడుకోలేక, తెల్లారేదాకా నా గడప మీదే కూర్చున్నారు. సముద్రం కావాలన్నవాళ్ళు పడవెక్కేదాకా సముద్రం వైపు చూడలేదు.

నేను కర్ర పట్టుకుని కుంటుతూ మేకల రేవుకి దిగాను. బావిలోకి తొంగి చూశాను. బకెట్టు నిండా దుమ్ము. బావి నోటికి అడ్డంగా సాలెగూడు, ఒక్క పోగు తెగలేదు.

మధ్యాహ్నం పడవకి మోస్కూల వచ్చింది, బుగ్గ వాచిపోయి. వచ్చీ రాగానే పొయ్యి వెలిగించి చేపలు వేయిస్తోంది. నేను గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాను. గింజ సంగతి, నాలుగు వేసవుల సంగతి. దానితో అన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు.

అది చేప తిరగేసింది.

"తెలుసులే అక్కా. అమ్మ చెప్పింది."

"గింజ సంగతా?"

"గింజ సంగతీ చెప్పింది, రాత్రిళ్ళు వచ్చి బకెట్టు కొట్టేది నువ్వేననీ చెప్పింది. ఊరుకోవే, అదే అలిసిపోతుంది అంది. కూర్చో, రెండు ముక్కలు తిందువుగాని."

నేను కూర్చున్నాను. చేప ముల్లు తీస్తూ లెక్క వేసుకున్నాను. నేను దెయ్యం వేషం కట్టేనాటికి అమ్మ పోయి మూడేళ్ళు.

అప్పట్నుంచీ నేను పట్టుకునే అట్ట దానిదే. చదువుకోండి, "మేకల రేవు ఇల్లు" అనే ఉంది. ఆ గింజ మా ఇంట్లో మరియమ్మ పటం ముందుంది. తొమ్మిదేళ్ళయింది. రోజూ గుడ్డ పెట్టి తుడుస్తాను, ఇంకా తడి ఆరలేదు.

అదిగో, వ్యాను వస్తోంది. సముద్రం సముద్రం అన్నారుగా, పోండి. మంచాలు మంచివే, చేపలు బాగా వేయిస్తుంది. రాత్రి బకెట్టు మూడుసార్లు మోగితే మాత్రం, ఆ ముసల్ది వచ్చిందని నన్ను తిట్టుకోకండి. తొమ్మిదేళ్ళుగా నేను రాత్రిపూట గడప దాటలేదు.